వెనక సీటు బరువు

ఇలా దగ్గరికి జరుగు, ఆ దిండు వీపు వెనక పెట్టుకో. కుదుపుల మేస్త్రి గురించి చెబుతాను. ఆయన గొప్పవాడేం కాదు, గొప్పలు చెప్పుకున్నవాడూ కాదు. నువ్వెక్కిన ఏదో ఒక కారు కింద ఆయన ఎప్పుడో పడుకునే ఉంటాడు, నీకు తెలిసి ఉండదు, అంతే. బతుకంతా చెప్పబోతే చెప్పడానికేమీ దొరకదు. ఒక్క రోజు చెబితే మాత్రం మనిషంతా వచ్చేస్తాడు. అందుకని ఒక్క రోజే చెబుతాను.

అప్పుడే తెల్లవారింది. ఆయన భార్యను మంచం మీంచి కిటికీ పక్క కుర్చీలోకి మారుస్తున్నాడు. దానికో పద్ధతి ఉంది. ఎడమ చెయ్యి మోకాళ్ల కిందా, కుడి చెయ్యి వీపు కిందా పోనిచ్చి, ఎత్తబోయే ముందు కాస్త ఆగుతాడు. బరువు చేతుల్లోకి వచ్చి కుదురుకోవాలి. కుదురుకున్నాక నడుము వంచకుండా మోకాళ్ల మీద లేస్తాడు. మంచానికీ కుర్చీకీ మధ్య నేల మీద చాప కూడా ఉండనివ్వడు, కాలికి తగులుతుందని.

"దించేటప్పుడు చెప్పు," అంది ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని.

"దించేశానే."

"ఎప్పుడు?"

"ఇందాకే. నువ్వు మూలగడానికి నోరు తెరిచేలోపు."

ఆవిడ కళ్లు తెరిచి చూసుకుంది. కుర్చీలోనే ఉంది. నవ్వొచ్చింది కానీ నవ్వితే నడుము లాగుతుందని పెదవి కొరుక్కుంది.

కిందటేడు వానలో, ఆరేసిన బట్టలు తేబోయి మేడమెట్ల మీద జారిపడింది ఆవిడ. వెన్ను దెబ్బతింది. ఆపరేషను అయ్యాక డాక్టరు ఒకటే మాట చెప్పాడు: క్రమం తప్పకుండా వచ్చి సూదులూ వ్యాయామమూ చేయించుకుంటే కర్ర పట్టుకుని నడుస్తారు, మానేస్తే కాళ్లు మరిచిపోతాయి, మళ్లీ గుర్తుచేయడం నా వల్ల కాదు. ఆసుపత్రి ఊరికి ఆ చివర ఉంది. తీసుకెళ్లడానికి ఉన్నది అల్లుడి కారు ఒక్కటే.

ఆ కారు గురించి చెప్పాలి. నీలంగా, పొట్టిగా, ముందుకు వంగి దూకబోతున్నట్టుగా ఉంటుంది. వెనక రెండు పొగగొట్టాలు. కుర్రకారు నిలబడి చూసే కారు. ఆవిడ దాన్ని కప్ప అంటుంది. మలుపులో గంతేయకుండా నేలను పట్టుకుని పోవడానికి దాని షాకులు రాయిలా బిగించి పంపిస్తారు తయారుచేసేవాళ్లు. నడిపేవాడికి ఆనందమే, వెనక కూర్చున్న ముసలావిడ వెన్నుకు మాత్రం నరకం. ఆసుపత్రి ముందు నీళ్ల గొట్టం కోసం రోడ్డు అడ్డంగా తవ్వి, అరకొరగా పూడ్చిన గాడి ఒకటి ఉంది. ఆ గాడి దగ్గర ఆవిడ అరిచిన అరుపుకు అల్లుడు బండి ఆపేసి, స్టీరింగు మీద తల పెట్టుకున్నాడట. ఆ తరవాత ఆవిడ వెళ్లడం మానేసింది. తలనొప్పనీ, వాన అనీ ఏదో ఒక వంక.

"రేపు కూడా నేను రాను," అంది ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ. "ముందే చెబుతున్నా. తరవాత నన్ను తిట్టొద్దు."

ఆయన గ్లాసులో నీళ్లు పోసి చేతికిచ్చాడు. "ఇవాళ ఆ కప్పకు కొత్త షాకులు వేస్తున్నాను. బటను నొక్కితే మెత్తబడతాయట."

"మెత్తబడేది కారా, నీ అల్లుడా?"

"ఇద్దరూ. రేపు ఒక్కసారి ఎక్కు. ఆ గాడి నీ నడుముకు తెలిసిందా, అక్కడే బండి తిప్పించేస్తాను. ఇక ఆసుపత్రి మాటెత్తితే అడుగు."

"మాట తప్పవుగా?"

"తప్పితే నన్ను అందులోనే కూర్చోబెట్టి ఊరంతా తిప్పు."

ఆవిడ వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు. ఆయన దాన్నే పట్టుకుని సైకిలెక్కాడు.

మేస్త్రి పొట్టి మనిషి. భుజాలు మాత్రం ఇంకెవరివో తెచ్చి తగిలించినట్టు వెడల్పు. కుడి చేతి బొటనవేలి గోరు ఎప్పుడో స్ప్రింగు కింద పడి నల్లబడింది, మళ్లీ తెల్లబడలేదు. చిన్నప్పుడు బస్సులో క్లీనరుగా చేరాడు. క్లీనరుకు చోటు చిట్టచివరి సీట్లో. అడుగున కమాను స్ప్రింగులు విరిగిన ఆ బస్సు వెనక సీట్లో ఎగిరెగిరి పడుతూ పెరిగాడు. అందరూ నిద్రపోతుంటే ఆయన మాత్రం ఏ చప్పుడు ఏ చక్రం దగ్గరి నుంచి వస్తోందో వింటూ కూర్చునేవాడు. అదే అలవాటై పోయింది. కదిలే బండిలో ఆయన కన్ను మూయగా ఎవరూ చూడలేదు. మూసినా వినడానికే, నిద్రకు కాదు. పెళ్లయిన కొత్తలో బస్సెక్కితే పక్కన భార్య ఆయన భుజం మీద వాలి నిద్రపోయేది, ఈయనేమో "వెనక ఎడమది పోయింది" అని గొణుక్కునేవాడట. ఏమిటి పోయింది అని ఆవిడ ఉలిక్కిపడి చెవి కమ్మలు తడుముకునేది.

ఆయన పనిచేసే కార్ల షెడ్డులో ఇంజన్లు చేసేవాళ్లు వేరే ఉన్నారు, రంగులు వేసేవాళ్లు వేరే. ఈయన పని షాకులు. బండి గుంటలో పడితే స్ప్రింగు ఊగుతుంది కదా, ఆ ఊపును పట్టుకుని ఆపేదే షాకు. ఎవరైనా కారు తెస్తే ఈయన అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "వెనకాల ఎవరు కూర్చుంటారు?" నడిపేవాడి సుఖం నడిపేవాడు చూసుకుంటాడు, వెనకాయన గురించి ఎవరడుగుతారు అనేవాడు. కూర్చునేవాళ్ల బరువును బట్టి ఇసుక సంచులు వెనక సీట్లో పెట్టి, అప్పుడు బోల్టులు బిగించేవాడు. పాత సీటు కవర్లతో ఆ సంచులు ఆయనే కుట్టుకున్నాడు. షెడ్డు మూల అవి వరసగా ఉంటే కొత్తగా వచ్చినవాళ్లు ఎవరో కూర్చున్నారనుకుని పలకరించేవాళ్లు.

ఇంకో నియమం కూడా ఉంది ఆయనకు. లిఫ్టు మీద బండిని పైకి లేపి పని చేస్తారు. అప్పుడు చక్రాలు గాలిలో వేలాడుతుంటాయి. షాకు అడుగున బోల్టు ఒక రబ్బరు ఉంగరంలోంచి పోతుంది. బండి గాలిలో ఉండగా ఆ బోల్టు పూర్తిగా బిగిస్తే రబ్బరు వేలాడే తీరులోనే అతుక్కుపోతుంది. బండి కిందికి దిగి బరువు పడగానే మెలి తిరుగుతుంది, ఇక మెలి తిరిగే ఉంటుంది. మెడ పక్కకు తిప్పి కట్టేసి, ఇప్పుడు పని చెయ్యి అన్నట్టు. కుదుపు తగ్గదు, కొన్నాళ్లకు రబ్బరు చిరుగుతుంది. అందుకే బోల్టు వదులుగా పెట్టి, బండిని నేల మీదికి దించి, బరువు పెట్టి, అప్పుడు కింద దూరి బిగించాలి. చొక్కా పాడవుతుందని చాలామంది ఆ పని చేయరు. "గాలిలో బిగించకురా!" అని ఈయన అరిచే అరుపు పక్క వీధి దాకా వినిపించేది.

ఆ రోజు షెడ్డు దగ్గర అల్లుడు ఎదురుచూస్తూనే ఉన్నాడు, కారుకు ఆనుకుని, పక్కన పెద్ద అట్టపెట్టె పెట్టుకుని. అతనికి కళ్లజోళ్ల కొట్టు ఉంది. అద్దాలు అరగదీసి, గోటికి కూడా అందని మరలు బిగించే చేతులు. ఎన్నాళ్లుగానో కారుకు ఇంకా పెద్ద చప్పుడు చేసే పొగగొట్టాలు వేయించాలని మనసుపడి, చివరికి ఈ షాకులు తెప్పించాడు.

"అత్తయ్య కోసం కాదు మావయ్యా," అన్నాడు అడక్కుండానే. "మలుపుల్లో ఇంకా బాగా పట్టు ఉంటుందని."

"అవునవును," అన్నాడు మేస్త్రి పెట్టె విప్పుతూ. "మలుపుల్లో పట్టు ముఖ్యం."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

పెట్టెలో నాలుగు షాకులు నల్లగా, నూనె వాసనతో ఉన్నాయి. ఒక్కొక్కదాని మెడ దగ్గర సన్నటి తీగ. మేస్త్రి ఒకదాన్ని రెండు చేతులతో పట్టుకుని నొక్కాడు, వదిలాడు, మళ్లీ నొక్కాడు. తీగను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికి కరెంటెందుకు అల్లుడుగారూ?"

"లోపల నూనె పోయే దారిలో చిన్న తలుపు ఉంటుంది మావయ్యా. కరెంటు దాన్ని కాస్త తెరుస్తుంది, కాస్త మూస్తుంది. చక్రం ఎంత ఎగిరిందో చూసి చెప్పడానికి చక్రాల దగ్గర ఇంకోటి ఉంటుంది. మీరు బోల్టులు చూసుకోండి, తీగలు నేను చూసుకుంటాను."

ఎదురుగా పంక్చర్లు వేసే టైర్లాయన చేతిలో ట్యూబు పట్టుకునే లేచి వచ్చాడు. మేస్త్రిని బావా అంటాడు, ఏ చుట్టరికమూ లేదు, కలిసి టీ తాగిన చుట్టరికమే.

"షాకుకు తీగా! రేపు టైరుకు కూడా పెడతారు బావా. నేను ప్లగ్గులో పెట్టి గాలి కొట్టుకోవాలి."

"ముందు నీ నోటికి పెడతారు, బటను నొక్కితే మూసుకునేటట్టు."

"నా నోటికి బటను పెడితే మీ చెల్లెలు చెయ్యి తియ్యదు బావా. మూసే ఉంటుంది ఇక."

కారు లిఫ్టు మీదికి లేచింది. మేస్త్రి ముందు చక్రాలతో మొదలుపెట్టాడు. ముందువైపు షాకు చుట్టూ స్ప్రింగు చుట్టుకుని ఉంటుంది. దాన్ని రెండు పట్టీలతో అదిమి పట్టి విప్పాలి. పట్టు జారితే స్ప్రింగు తూటాలా లేస్తుంది. ఆయన దాని ఎదురుగా ఎప్పుడూ నిలబడడు, పక్కకు నిలబడి, ముఖం తిప్పుకుని, చెవితో విప్పుతాడు. ఒక పట్టీ కాస్త, ఇంకో పట్టీ కాస్త. లోహం మూలుగుతుంది. ఆ మూలుగు సమానంగా ఉన్నంతసేపూ భయం లేదు.

మొదటిది తీసేసరికి ఎడమ భుజంలో ఏదో పట్టేసినట్టయింది. చేతిని గుండ్రంగా తిప్పి చూసుకున్నాడు. దవడ దాకా లాగింది. సోడా తెప్పించుకుని తాగి, గట్టిగా త్రేన్చి, మళ్లీ పని అందుకున్నాడు. అల్లుడు కారులోపల అరలు విప్పి, కాళ్లు బయటపెట్టి బోర్లా పడుకుని తీగలు లాగుతున్నాడు. నోట్లో చిన్న టార్చి. కళ్లజోడు మాటిమాటికీ జారుతోంది.

"కళ్లజోళ్లు అమ్మేవాడివి, నీకొక్కటి సరైనది దొరకలేదా నాయనా?" అన్నాడు టైర్లాయన.

"మంచివన్నీ అమ్ముడైపోతాయి బాబాయ్," అన్నాడు అల్లుడు టార్చి నోట్లో పెట్టుకునే. అతని మాట ఎవరికీ సరిగ్గా అర్థంకాకపోయినా అందరూ నవ్వారు.

మధ్యాహ్నం డబ్బా తెరిచి నాలుగు ముద్దలు తిని మూత పెట్టేశాడు మేస్త్రి. వెనక షాకులు ఎక్కించాడు. ఎడమది బోల్టు వేసి, నియమం ప్రకారం వదులుగా వదిలేశాడు. కుడిదానికి బోల్టు దూర్చి పానా తగిలించాడో లేదో, ఫోను మోగింది. కూతురు.

"నాన్నా, అమ్మ ఆసుపత్రికి ఫోను చేసి రేపు రావడం లేదని చెప్పెయ్యమంటోంది."

ఆయన ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు. "పొద్దున ఏమీ అనలేదే!"

"నీ ముఖం చూసి అనలేకపోయిందట. ఇప్పుడు నాతో అంటోంది. డాక్టరుగారు కిందటిసారే అన్నారు నాన్నా, ఇంకోసారి మానేస్తే మనకిచ్చిన గంట వేరేవాళ్లకు ఇచ్చేస్తామని. ఏం చెయ్యమంటావు?"

"ఫోను చెయ్యకు."

"మరి అమ్మకేం చెప్పను?"

"చేశానని చెప్పు."

"అబద్ధమాడనా?"

"రేపు పొద్దున దాకానే. ఆ తరవాత నేను చూసుకుంటాను."

ఫోను పెట్టేసేసరికి ఆయన చేతులు వాటి పని అవి చేసేశాయి. పానా కట్టుమని ఆగింది, బోల్టు ఇక తిరగనంది. ఆయన దాన్ని చూశాడు కానీ చూడలేదు. బుర్ర ఇంటి దగ్గరే ఉంది. కుడివైపు అయిందని ఎడమవైపుకు పోయాడు, దాన్నీ అంతే గట్టిగా బిగించేశాడు. పేరు చివర బిరుదులా నలభై ఏళ్లు తగిలించుకు తిరిగిన మాటను ఆయన చేతులే కాదన్నాయి. బండి ఇంకా గాలిలోనే ఉంది.

కారు దించారు. అల్లుడు చిన్న కంప్యూటరు తెచ్చి తీగ తగిలించి, ఇదిగో నీకు కొత్త కాళ్లు వచ్చాయని కారుకు చెప్పాడు. స్టీరింగు ముందు హెచ్చరికగా వెలుగుతున్న పసుపు దీపం ఆరిపోయింది. గేరు పక్కన బటను మీద వేలు పెట్టి, "ఇది అత్తయ్య బటను," అన్నాడు మురిసిపోయి. అన్నాక నాలుక కరుచుకున్నాడు. మేస్త్రి విననట్టు పానాలు తుడుచుకున్నాడు.

పరీక్ష చేసేటప్పుడు మేస్త్రి ఎప్పుడూ బండి నడపడు. బాధపడేవాళ్లు ఎక్కడ కూర్చుంటారో అక్కడే కూర్చుంటాడు. వెనక ఎడమవైపు, భార్య కూర్చునే చోట కూర్చుని, నడుము పూర్తిగా వెనక్కి ఆనించి, కళ్లు మూసుకున్నాడు. అల్లుడు బటను నొక్కి బయల్దేరాడు. బడి ముందు స్పీడు బ్రేకరు, ఎత్తుగా లేచిన మురుగు మూత, చెట్టు వేళ్లు పగలగొట్టిన తారు. కారు అన్నిటినీ ఓ మోస్తరుగా మింగింది. మునుపటి కారు కాదు, నిజమే.

గాడి వచ్చింది. ముందు చక్రాలు మెత్తగా దిగి లేచాయి. వెనక చక్రాలు దిగినప్పుడు ఒక పోటు, చిన్నదే, నడుము కింద ముడ్డి ఎముక దగ్గర తగిలింది.

"బ్రహ్మాండంగా ఉంది కదా మావయ్యా!"

"మళ్లీ పోనివ్వండి."

మళ్లీ పోనిచ్చాడు. మళ్లీ అదే పోటు. మేస్త్రి కళ్లు తెరిచాడు.

"వెనకవి నేను గాలిలో బిగించాను," అన్నాడు.

అల్లుడు అద్దంలోంచి చూశాడు. "మీరా?"

"నేనే. ఫోను మాట్లాడుతూ."

"పోనీండి మావయ్యా, ఇంతకు ముందుతో పోలిస్తే ఇది పరుపు. మీ ముఖం చూడండి, చెమటలు పట్టాయి. రేపటికి ఇది చాలు, ఆదివారం తీరిగ్గా సరిచేద్దాం."

"నాకు తెలిసింది కదా అల్లుడుగారూ. నా నడుము బాగానే ఉంది, అయినా తెలిసింది. ఆవిడకు తెలియదంటారా?"

అల్లుడు బండి షెడ్డుకు తిప్పాడు.

టైర్లాయన కొట్టు కట్టేస్తున్నాడు. సంగతి విని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "గాలిలో బిగించకురా!" అని ఆయన గొంతుతోనే ఆయన మీద అరిచాడు. "వింటున్నావా బావా? ఇన్నాళ్లకు దొరికావు! దీన్ని బోర్డు మీద రాయిస్తాను." మేస్త్రి కూడా నవ్వాడు, ఎడమ చెయ్యి కుడి చేత్తో పట్టుకుని. ఆ పట్టుకోవడం చూసి టైర్లాయన నవ్వు ఆపేశాడు. "నీ రంగు బాలేదు బావా. ఇంటికెళ్లి పడుకో."

"పడుకునే వెళ్తాను, వెనక సీటు ఉందిగా. ముందు ఒక సంచీ పట్టు."

బోల్టులు వదులు చేశాడు. ఇప్పుడు బరువు కావాలి. మూలనున్న సంచుల్లో, భార్య పడకముందు ఆవిడ బరువుకని నింపి పెట్టిన పొడుగాటిదాన్ని ఎంచుకున్నాడు. వంగి, ఎడమ చెయ్యి ఒక పక్క కింద, కుడి చెయ్యి ఇంకో పక్క కింద పోనిచ్చి, కాస్త ఆగాడు. బరువు చేతుల్లోకి రానిచ్చి, మోకాళ్ల మీద లేచాడు.

"ఎక్కువుంది," అన్నాడు.

దించి, మూతి విప్పి, మగ్గుతో ఇసుక తీసి నేలమీద పోశాడు. మళ్లీ ఎత్తాడు. ఇంకా ఎక్కువే. మళ్లీ తీశాడు. అల్లుడు సంచీ మూతి పట్టుకుని నిలబడ్డాడు. ఇదంతా ఏమిటో అతనికి రెండోసారి ఎత్తేటప్పుడే అర్థమైంది. మళ్లీ ఎత్తి, ఈసారి సంచీని అలాగే గుండెకు ఆనించుకుని కొంచెంసేపు నిలబడ్డాడు మేస్త్రి. పొద్దున చేతుల్లో ఉన్న బరువు ఇదే. సరిపోయింది. అప్పుడు కిందికి చూస్తే, తీసేసిన ఇసుక కాళ్ల దగ్గర చిన్న గుట్టయి ఉంది.

"ఇంత తగ్గిందా," అన్నాడు.

రోజూ ఎత్తుకునేవాడికి తెలియలేదు. రోజుకు చిటికెడు చిటికెడుగా పోతే చేతులకు ఎలా తెలుస్తుంది?

ఆ సంచీ మూతిని ఎర్ర దారంతో కుట్టాడు. పెద్ద పెద్ద కుట్లు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఇద్దరూ కలిసి దాన్ని వెనక సీట్లో ఎడమవైపు కూర్చోబెట్టారు. మేస్త్రి కారు వెనకభాగాన్ని నాలుగైదుసార్లు అరచేతులతో నొక్కి వదిలి, అది తన ఎత్తుకు తాను కుదురుకున్నాక, గోనెపట్టా వేసుకుని కింద దూరాడు. చాలాసేపు పట్టింది. మధ్యలో పానా చప్పుడు ఆగితే అల్లుడు వంగి చూశాడు.

"మావయ్యా?"

"ఉన్నా. ఊపిరి తీసుకోనివ్వండి."

చివరికి రెండు బోల్టులూ తిరగనన్నాయి. ఈసారి ఆయన వాటిని చూసి మరీ వదిలాడు.

వీధిదీపాలు అప్పుడప్పుడే వెలుగుతున్నాయి. సైకిలు షెడ్డులోనే ఉంచేశాడు. సంచీని దాని చోటు నుంచి తీయనివ్వలేదు, తను కుడివైపు ఎక్కి కూర్చున్నాడు, రేపు కూర్చోబోయే చోట. ఎడమ చెయ్యి సంచీ మీద వేశాడు, అది ఎగిరితే తెలియాలని.

"నెమ్మదిగా కాదు, మామూలుగా పోనివ్వండి. రేపు మీరెలా పోనిస్తారో అలా."

స్పీడు బ్రేకరు పోయింది. మురుగు మూత పోయింది. చెట్టు వేళ్లు పోయాయి. అల్లుడు అద్దంలో చూశాడు. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు, ముఖంలో ఏదో వింటున్నప్పటి శ్రద్ధ. ఆసుపత్రి గేటు దీపం కనిపించింది, దాటింది.

"గాడి వచ్చిందా?" అన్నాడు మేస్త్రి.

"వచ్చింది మావయ్యా. దాటేశాం."

"ఊఁ," అన్నాడాయన.

అల్లుడికి పట్టలేనంత సంతోషమైంది. తిన్నగా ఇంటికి పోకుండా మార్కెట్టు వెనక గతుకుల దారి పట్టాడు. ప్రతి గుంటకూ వెనక నుంచి ఏదో ఒక తప్పు వినబడుతుందని ఎదురుచూశాడు. ఒక్క మాటా రాలేదు. ఇంటి ముందు ఆపి, వెనక్కి తిరిగి, "ఏమీ అనలేదంటే పాసయినట్టేనా?" అన్నాడు. ఆయన తల కిటికీకి ఆనించి ఉంది. అల్లుడు తలుపు చప్పుడు కాకుండా వేసి లోపలికి పరిగెత్తాడు.

"మీ నాన్న నిద్రపోయాడు!" అన్నాడు భార్యతో. "నా కారులో! వెనక సీట్లో! ఎప్పుడైనా, ఎవరైనా నిద్రపోయారా అందులో?"

కూతురు నవ్వింది. కిటికీ పక్క కుర్చీలో ఉన్న ఆవిడ నవ్వలేదు. వీధిలో ఆగి ఉన్న కారునే చూస్తోంది.

"ఆయన బండిలో నిద్రపోడు," అంది. "పోయి చూడు."

ఆ తరవాతివి చెప్పడానికేముంది? అందరిళ్లలో జరిగేవే జరిగాయి. డాక్టరు వచ్చి గుండె అన్నాడు. మార్కెట్టు దారిలో ఎక్కడో పోయి ఉంటాడన్నాడు. టైర్లాయన షెడ్డు మెట్టు మీద కూర్చుని, నేను నవ్వానే, నేను నవ్వానే అన్నాడు. మర్నాటి ఆసుపత్రి గంట వేరేవాళ్లకు పోయింది. కప్ప చాన్నాళ్లు గుడ్డ కప్పుకుని వీధిలో నిలబడింది. అల్లుడు దాని దగ్గరికి పోవడానికి కూడా ఇష్టపడలేదు.

ఒక రోజు పొద్దున ఆవిడే అంది: "డాక్టరుకు ఫోను చెయ్యి. వేరే గంట ఏదైనా ఇస్తాడేమో కనుక్కో. కప్పను తియ్యమను."

అల్లుడు ఎత్తుకోబోయాడు. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక, తత్తరపడి, లేపబోయాడు.

"ఆగు," అంది ఆవిడ. "ఎడమ చెయ్యి మోకాళ్ల కింద. ఆఁ. ఇప్పుడే లేవకు. బరువు చేతుల్లోకి రానీ. వచ్చిందా? ఇప్పుడు లే. నడుముతో కాదు బాబూ, మోకాళ్లతో."

కారు తలుపు తీస్తే సంచీ ఆవిడ చోట్లో కూర్చుని ఉంది. కూతురు కంగారుగా దాన్ని కిందికి లాగబోయింది.

"ఎందుకమ్మా తీయడం," అంది ఆవిడ అల్లుడి చేతుల్లోంచే. "పక్కకు జరుపు. అక్కడ ఎవరో ఒకరు కూర్చోవాలి కదా."

జరిపారు. ఆవిడ ఎక్కింది. దారంతా కళ్లు మూసుకునే ఉంది, పళ్లు బిగించి. ఆమె చెయ్యి పక్కకు పోయి సంచీ కుట్ల మీద ఆగింది.

చాలాసేపటికి, "గాడి వచ్చిందా?" అంది.

అల్లుడు బండి ఆపాడు. "దాటేశాం అత్తయ్యా," అన్నాడు.

ఆవిడ కళ్లు తెరిచింది. ఆసుపత్రి మెట్ల ముందు ఉన్నారు.

ఇప్పుడావిడ కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తోంది. కారు దాకా కూడా తనే వస్తుంది, ఎవరినీ ఎత్తుకోనివ్వదు. కాస్త ఒళ్లు కూడా చేసింది. ఇది గుర్తుపెట్టుకో. ఎవరైనా ఆ నీలం కారును చూసి నవ్వితే, ఇంత షోకైన కారులో ఈ మూట ఏమిటని అడిగితే, ఈ రోజంతా మొదటి నుంచి చెప్పు, ఫోను మాట్లాడుతూ గాలిలో బిగించిన సంగతి కూడా దాచకుండా చెప్పు. సంచీ ఇంకా అక్కడే ఉంది, వెనక సీట్లో కుడివైపు, ఎర్ర దారం కుట్లతో, ఒకనాటి ఆవిడ బరువంత ఇసుక.